బంతి మన దగ్గర లేనప్పుడు: ఎన్‌గోలో కాంటే ఆట గురించి

సభలో ఉన్న పెద్దలకు, మిత్రులకు, ముందు వరుసలో జెర్సీలు వేసుకుని కూర్చున్న పిల్లలకు నమస్కారం. నిర్వాహకులు మొదట నన్ను జినెదిన్ జిదాన్ గురించి మాట్లాడమన్నారు. జిదాన్ గురించి మాట్లాడడం ఎవరికైనా సులువే. 1998 ప్రపంచకప్ ఫైనల్లో తలతో కొట్టిన రెండు గోల్స్, 2006 ఫైనల్లో అదే తలతో ఇటలీ ఆటగాడి ఛాతీ మీద పొడిచిన పోటు, వీటి మధ్య ఎనిమిదేళ్ల కథ చెబితే సరిపోతుంది. అది తనంతట తానే రక్తి కడుతుంది. కానీ నేను వారిని వేరొక ఫ్రెంచ్ మిడ్‌ఫీల్డర్ గురించి, అంటే మైదానం మధ్యలో ఆడేవాడి గురించి, మాట్లాడనివ్వమని కోరాను. లండన్‌లోని చెల్సీ క్లబ్ తరఫున ఏడు సీజన్లలో 269 మ్యాచ్‌లు ఆడి 13 గోల్స్ మాత్రమే కొట్టిన మనిషి గురించి. పదమూడంటే పదమూడు. స్ట్రైకర్లు కొందరు ఒక్క సీజన్లోనే అంతకు రెట్టింపు కొడతారు. అయినా ఆ ఏడు సీజన్లలో చెల్సీకి వచ్చిన పెద్ద కప్పుల గురించి ఎవరు రాసినా ఎన్‌గోలో కాంటే పేరు రాయకుండా ఉండలేరు. ఎందుకు? ఈ ఒక్క ప్రశ్నకే ఈ సాయంత్రం జవాబు వెతుకుదాం.

ముందు అతని పేరు సంగతి చెబుతాను. కాంటే తల్లిదండ్రులు పశ్చిమాఫ్రికాలోని మాలీ నుంచి 1980 ప్రాంతంలో ఫ్రాన్స్‌కు వలస వచ్చారు. ఆ మాలీ నేల మీద పద్దెనిమిదో శతాబ్దంలో సెగూ రాజధానిగా బంబారా రాజ్యం ఉండేది. బానిసగా బతుకు మొదలుపెట్టి ఆ రాజ్యానికే రాజైన ఎన్‌గోలో జారా పేరును ఈ పిల్లవాడికి పెట్టారని చెబుతారు. 1991 మార్చి 29న పారిస్‌లో పుట్టిన అతను నగరానికి పడమటనున్న రుయే మాల్మేజోన్ అనే శివారు పట్టణంలో పెరిగాడు. పెద్ద కుటుంబం, ఇంకా చిన్నతనంలో ఉండగానే తండ్రి పోయాడు. ఎనిమిదేళ్ల వయసులో పక్కనే ఉన్న సురెన్ అనే ఊరి క్లబ్‌లో చేరాడు. పందొమ్మిదేళ్లు వచ్చేదాకా అక్కడే ఉన్నాడు.

ఈ చివరి వాక్యాన్ని మరోసారి వినండి. పందొమ్మిదేళ్లు వచ్చేదాకా అక్కడే ఉన్నాడు. ఫ్రాన్స్‌లో ఆట నేర్పే ఏర్పాటు తెలిసినవారికి ఇది వింతగా తోచాలి. అక్కడ వృత్తి క్లబ్బులకు సొంత శిక్షణ కేంద్రాలుంటాయి. పదిహేనేళ్లు నిండకముందే పిల్లలను ఏరి అక్కడికి తీసుకుపోతారు. పారిస్ శివార్లయితే వారికి కళ్లమే. ప్రతి వారాంతం ఏదో ఒక మైదానం గట్టున ఎవరో ఒకరు నోట్‌బుక్ పట్టుకుని నిలబడి ఉంటారు. పోల్ పోగ్బా ఆ శివార్ల నుంచే వెళ్లి పదహారేళ్లకు మాంచెస్టర్ యునైటెడ్‌లో చేరాడు. కిలియన్ ఎంబాపే ఆ శివార్ల నుంచే వెళ్లి పందొమ్మిదేళ్లకు ప్రపంచకప్ ఎత్తాడు. అదే పందొమ్మిదేళ్లకు కాంటే ఇంకా ఊరి క్లబ్‌లో, ఊరి పిల్లలతో కలిసి ఆడుతున్నాడు. మరి ఆ నోట్‌బుక్కుల వారికి అతను కనపడలేదా? కనపడ్డాడు. కానీ ఎదిగాక కూడా 1.68 మీటర్లకు, అంటే మన లెక్కలో అయిదడుగుల ఆరంగుళాలకు మించని మనిషి, పదిహేనేళ్లప్పుడు ఎంత ఉండి ఉంటాడో ఊహించండి. చూసినవారు ఎత్తు చూశారు, బరువు చూశారు, ముందుకు సాగారు.

మన తెలుగులో పొట్టివాడికి పుట్టెడు బుద్ధులు అని ఒక సామెత ఉంది. సాధారణంగా వెక్కిరించడానికి వాడతాం. దాన్ని ఈ ఒక్క సాయంత్రానికి ఉన్నది ఉన్నట్టుగా, అక్షరాలా అర్థం చేసుకోమని మిమ్మల్ని కోరుతున్నాను. ఎందుకన్నది కాసేపట్లో తేలుతుంది. ఈ సభలో పిల్లలకు ఆట నేర్పేవారు కొందరున్నారని నాకు తెలుసు. ఎంపికల రోజున వరుసలో నిలబడ్డ నలభై మందిలో మన కన్ను ముందు ఎవరి మీద పడుతుంది? పొడుగ్గా ఉన్నవాడి మీద. నేనూ ఆ తప్పు చేసినవాణ్నే కాబట్టి ఎవరినీ నిందించడం లేదు.

2010లో అతన్ని బులోన్ క్లబ్ తీసుకుంది. ఉత్తరాన సముద్రపు ఒడ్డునున్న రేవు పట్టణం అది. మొదట రెండో జట్టులో ఆడించారు. సాధనకు పిల్లలు తొక్కే కాలి స్కూటర్ మీద వచ్చేవాడని అప్పటివారు చెప్పుకుంటారు. ఆటతో పాటు అకౌంటింగ్ చదువు కూడా సాగించాడు. ఆట కలిసిరాకపోతే ఏదో ఒక ఆఫీసులో ఖాతాలు రాసుకుని బతుకుదామన్న ముందుచూపు అది. మన ఇళ్లలో తల్లిదండ్రులు పట్టుబట్టి డిగ్రీ పూర్తి చేయించినట్టే. 2012 మేలో, ఇరవై ఒకటో ఏట, మొనాకో మీద జరిగిన మ్యాచ్ చివరి నిమిషాల్లో సబ్‌స్టిట్యూట్ ఆటగాడిగా తొలిసారి వృత్తి ఫుట్‌బాల్ ఆడాడు. ఆ సీజన్ ముగిసేసరికి బులోన్ రెండో డివిజన్ నుంచి మూడో డివిజన్‌కు జారిపోయింది. మనవాడి అదృష్టం అంత గొప్పగా మొదలైంది మరి. మరుసటి సీజన్ మొత్తం మూడో డివిజన్‌లోనే. 2013లో కాన్ క్లబ్‌కు మారాడు. రెండో డివిజన్‌లో 38 మ్యాచ్‌లుంటే 38 కూడా ఆడాడు. ఆ ఏడాదే జట్టు మొదటి డివిజన్‌కు ఎక్కింది. ఆ మరుసటి ఏడాది, అంటే ఫ్రాన్స్ మొదటి డివిజన్‌లో అతని తొలి సీజన్లో, ఎదుటివారి నుంచి బంతిని తిరిగి చేజిక్కించుకున్న లెక్కల్లో అతని పేరు అన్నిటికంటే పైన కనిపించసాగింది.

ఆ లెక్కల దగ్గరే కథ మలుపు తిరిగింది. ఎత్తు, బరువు చూసే నోట్‌బుక్కులు అతన్ని పదేళ్లు పక్కన పెట్టాయి. ప్రతి పాస్‌ను, ఎదుటివాడి కాలి దగ్గర బంతి లాక్కునే ప్రతి ట్యాకిల్‌ను, బంతి తిరిగి దక్కిన ప్రతి సందర్భాన్ని నమోదు చేసే కొత్త లెక్కలు మాత్రం అతను ఎంత పొడుగున్నాడని అడగలేదు. ఇంగ్లండ్‌లో లెస్టర్ సిటీకి ఆటగాళ్లను వెతికిపెట్టే స్టీవ్ వాల్ష్ బృందం ఈ అంకెలను పట్టుకుంది. కొత్తగా వచ్చిన కోచ్ క్లాడియో రానియేరికి మొదట నమ్మకం కుదరలేదు; ఇంత చిన్న మనిషి ఇంగ్లండ్ ఆటకు నిలుస్తాడా అని ఆయన సందేహం. చూడండి, మళ్లీ అదే కొలత. చివరికి 2015 ఆగస్టులో దాదాపు 56 లక్షల పౌండ్లకు కాంటే లెస్టర్ చేరాడు. ఇంగ్లండ్ మొదటి డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ మార్కెట్‌లో అది చిల్లర డబ్బు.

తర్వాత ఏం జరిగిందో మీలో చాలామందికి తెలుసు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. అంతకుముందు ఏడాది దిగువ డివిజన్‌కు పడిపోకుండా చివరి వారాల్లో బతికి బట్టకట్టిన లెస్టర్, సీజన్ మొదట్లో పందెంరాయుళ్లు ఒకటికి అయిదు వేలు ఇస్తామన్న లెస్టర్, 81 పాయింట్లతో 2016లో ఇంగ్లండ్ చాంపియన్ అయింది. గోల్స్ కొట్టిన జేమీ వార్డీ, రియాద్ మహ్రెజ్ పేర్లు పేపర్లలో మార్మోగాయి. వారి వెనక 37 మ్యాచ్‌లు ఆడి ఒకే ఒక గోల్ కొట్టిన కాంటే ఉన్నాడు. వాట్‌ఫర్డ్ మీద కొట్టిన ఆ ఒక్కటీ గోల్‌కీపర్ చేతుల్లోంచి జారిపోయిన గోల్. కానీ ట్యాకిళ్లు 175. లీగ్ మొత్తంలో అంతకు మించి చేసినవాడు లేడు. తమ జట్టు మధ్యలో ముగ్గురితో ఆడుతుందని, నడిమధ్య డానీ డ్రింక్‌వాటర్, అతనికి కుడివైపు కాంటే, ఎడమవైపు కూడా కాంటే అని వాల్ష్ హాస్యమాడేవాడు. కాంటే నిక్కరులో బ్యాటరీలు దాచుకున్నాడేమో అనిపించేదని రానియేరి రాసుకున్నాడు.

ఈ బ్యాటరీల మాటతోనే నాకు కొంచెం పేచీ ఉంది. కాంటే అనగానే అందరూ పరుగు గురించే మాట్లాడతారు. ఊపిరితిత్తులు, బ్యాటరీలు, అలుపెరగని కాళ్లు. నిజమే, పరుగెత్తాడు. కానీ పరుగెత్తేవారు ఊరికొకరు దొరుకుతారు కదా? ఎదుటివాడి కాలి నుంచి బంతి బయలుదేరాక పరుగెత్తితే ఎంత వేగంగా పోయినా బంతే ముందు చేరుతుంది. కాంటే బంతి బయలుదేరకముందే బయలుదేరేవాడు. మన కబడ్డీలో మూలన నిలబడ్డవాణ్ని గుర్తు తెచ్చుకోండి. రైడర్ కూత పెట్టుకుంటూ అటూ ఇటూ ఊగుతుంటే వాడు రైడర్ ముఖం చూడడు, చేతులు చూడడు. బరువు ఏ కాలి మీదికి మారుతోందో చూస్తాడు. బరువు మారిన ఆ అరక్షణంలో చీలమండ దొరకబుచ్చుకుంటాడు. అరక్షణం ముందు కదిలితే రైడర్ తప్పించుకుంటాడు, అరక్షణం ఆలస్యమైతే తాకి వెళ్లిపోతాడు. కాంటే చేసేది సరిగ్గా అదే, కాకపోతే ఎకరంన్నరకు పైగా ఉండే మైదానంలో, తొంభై నిమిషాల పాటు. దీన్ని కాళ్ల పని అందామా, బుద్ధి పని అందామా? సామెతను అక్షరాలా తీసుకోమన్నది ఇందుకే.

2016 జులైలో చెల్సీ అతన్ని దాదాపు 3 కోట్ల 20 లక్షల పౌండ్లకు కొన్నది. అక్కడి కొత్త కోచ్ పేరు ఆంటోనియో కోంటే. కోంటే జట్టులో కాంటే అని చెప్పలేక మన వ్యాఖ్యాతల నాలుకలు ఆ ఏడాదంతా మడతపడ్డాయి. ఇప్పుడు రెండు జట్ల అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. కాంటే రాకముందు ఏడాది చెల్సీ 50 పాయింట్లతో పదో స్థానం. వచ్చిన ఏడాది 93 పాయింట్లతో చాంపియన్. కాంటే ఉన్న ఏడాది లెస్టర్ 81 పాయింట్లతో చాంపియన్. వెళ్లిన ఏడాది 44 పాయింట్లతో పన్నెండో స్థానం, ఆ మధ్యలోనే రానియేరి ఉద్యోగమూ పోయింది. న్యాయంగా చెప్పాలంటే ఈ తేడా అంతా ఒక్క మనిషి ఖాతాలో వేయకూడదు. లెస్టర్ ఆ ఏడాది వారం మధ్యలో యూరప్ మ్యాచ్‌లు కూడా ఆడవలసివచ్చింది, చెల్సీకి ఆ భారం లేదు. సెప్టెంబరులో ఆర్సెనల్ చేతిలో మూడు గోల్స్‌తో ఓడాక కోంటే వెనక ముగ్గురు డిఫెండర్ల పద్ధతికి మారి వరుసగా పదమూడు లీగ్ మ్యాచ్‌లు గెలిచాడు. ఇవన్నీ కారణాలే. ఇవన్నీ తీసేసినా మిగిలేది ఇంకా చాలా ఉంది. ఎరిక్ కాంటోనా తర్వాత గోల్‌కీపర్ కాని ఆటగాడు ఒకడు వరుసగా రెండేళ్లు రెండు వేర్వేరు క్లబ్బులతో ఇంగ్లండ్ లీగ్ గెలవడం అదే మొదలు. 2017లో తోటి ఆటగాళ్లు వేసే ఓట్లలోనూ, పాత్రికేయులు వేసే ఓట్లలోనూ ఆ ఏడాది ఉత్తమ ఆటగాడు అతనే.

2018లో మౌరిజియో సారి కోచ్‌గా వచ్చి ఒక చిత్రమైన పని చేశాడు. నడిమధ్య స్థానాన్ని తనతో తెచ్చుకున్న జోర్జీనోకు ఇచ్చి, కాంటేను కుడివైపు ముందుకు జరిపాడు. ప్రపంచంలోకెల్లా మేలైన కాపలాదారును గేటు దగ్గర నుంచి తీసి తోటపనికి పెట్టారని చెల్సీ అభిమానులు గోల చేశారు. ఆ గోలలో నేనూ గొంతు కలిపాను. ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే మా గోలలో సగం తప్పనిపిస్తుంది. ఎందుకంటే మేమంతా అతన్ని క్లాడ్ మకెలెలే వారసుడనుకున్నాం. మకెలెలే కూడా ఫ్రాన్స్ ఆటగాడే, చెల్సీ ఆటగాడే, అతనూ పొట్టివాడే. డిఫెండర్ల ముందు గడపలా పడి ఉండి, అక్కడి నుంచి కదలకుండా ఆడిన మహానుభావుడు. కాంటే గడప కాదు. లెస్టర్‌లోనూ కాదు, చెల్సీలోనూ కాదు. అతను బంతి ఉన్న చోటికి వెళ్లేవాడు. చేజిక్కిన మరుక్షణం దానితో ముందుకు సాగేవాడు. ఇది మా కళ్లకు స్పష్టంగా కనపడడానికి 2021 దాకా పట్టింది.

అంతకుముందు 2018 ప్రపంచకప్ మాట చెప్పుకోవాలి. దేశం తరఫున అతని మొదటి మ్యాచ్ 2016 మార్చిలో. ఆ వెంటనే, సరిగ్గా ఇరవై అయిదో పుట్టినరోజున, రష్యా మీద గోల్ కొట్టాడు. ఆ ఏడాది యూరో, అంటే యూరప్ దేశాల కప్పు, ఫైనల్లో మాత్రం బెంచీ మీదే కూర్చున్నాడు, ఫ్రాన్స్ ఓడింది. రష్యా ప్రపంచకప్‌లో ఏడు మ్యాచ్‌లకు ఏడింటిలోనూ మొదటి పదకొండు మందిలో ఉన్నాడు. అర్జెంటీనా మీద 4–3తో గెలిచాక, పొట్టివాడు, మంచివాడు, మెస్సీని మింగేశాడు అన్న అర్థంలో సహచరులు అతని మీద ఒక పాట కట్టి ఊరూరా పాడారు. అదే మ్యాచ్‌లో మెస్సీ రెండు గోల్స్‌కు పాస్‌లు ఇచ్చాడన్న సంగతి పాటలో లేదు. పాట పాటే కదా. ఇక మాస్కో ఫైనల్ సంగతి. 2018 జులై 15, మన గడియారంలో రాత్రి ఎనిమిదిన్నర. కడుపు నొప్పితో బాధపడుతూనే దిగాడని తర్వాత తెలిసింది. 27వ నిమిషంలో పసుపు కార్డు. 55వ నిమిషంలో కోచ్ డెషాంప్ అతన్ని బయటికి పిలిచాడు. జీవితంలో అతి పెద్ద మ్యాచ్, అందులో అతని ఆట పేలవం. దాచి చెప్పడం ఎందుకు? ఆ మిగిలిన ముప్పై అయిదు నిమిషాలు అతని చోట స్టీవెన్ ఎన్‌జోంజీ ఆడాడు, ఫ్రాన్స్ 4–2తో గెలిచింది. తర్వాత కప్పు చేతులు మారుతూ తిరుగుతుంటే కాంటే అడగడానికి సిగ్గుపడి పక్కన నిలబడ్డాడు; సహచరులే తెచ్చి చేతుల్లో పెట్టారు.

అతని మంచితనం గురించి కథలు చాలా తిరుగుతుంటాయి. అన్నిటినీ నమ్మమని చెప్పను. పాత మినీ కూపర్ కారులోనే ఏళ్ల తరబడి తిరిగాడన్నది మాత్రం లోకం చూసిన విషయం. 2018 సెప్టెంబరులో ఒక రాత్రి లండన్ నుంచి పారిస్ రైలు తప్పిపోయి, దగ్గరలోని మసీదుకు ప్రార్థనకు వెళ్లి, అక్కడ పలకరించిన ఒక అభిమాని రమ్మంటే వాళ్లింటికి వెళ్లి, అన్నం తిని, వాళ్లతో వీడియో గేమ్ ఆడి, టీవీలో ఆ రోజు మ్యాచ్‌ల ముఖ్యాంశాలు చూసి వచ్చాడు. ప్రపంచకప్ గెలిచి అప్పటికి రెండు నెలలు. ఇంతకన్నా ఆ గొడవలోకి వెళ్లను. మంచివాడు కాబట్టి గొప్ప ఆటగాడు అన్న వాదన నాకు నచ్చదు. చెడ్డవాళ్లు కూడా అద్భుతంగా ఆడతారు.

ఇప్పుడు 2021కి రండి. కోచ్ థామస్ టుఖెల్. యూరప్ మేటి క్లబ్బులు తలపడే చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్, రియల్ మాడ్రిడ్ మీద రెండో మ్యాచ్, మే 5, లండన్. ఈ ఒక్క మ్యాచ్‌లోని రెండు గోల్స్ చెబితే నా ఉపన్యాసం మొత్తం చెప్పినట్టే కాబట్టి కొంచెం నెమ్మదిగా చెబుతాను. 28వ నిమిషం. కాంటే మైదానం మధ్యలో బంతి తీసుకుని ముందుకు వచ్చాడు, టీమో వెర్నర్‌కు ఇచ్చాడు, తిరిగి తీసుకున్నాడు, డిఫెండర్ల సందులోంచి కై హావర్ట్జ్‌కు జార్చాడు. హావర్ట్జ్ గోల్‌కీపర్ మీదుగా ఎత్తి వేసిన బంతి అడ్డకర్రకు తగిలి కిందికి వస్తుంటే వెర్నర్ తలతో లోపలికి తోశాడు. గోల్ వెర్నర్ పేరు మీద రాశారు. 85వ నిమిషం. మాడ్రిడ్ డిఫెండర్ నాచో దగ్గర బంతి ఉంది. ఒక్క గోల్ ఆధిక్యంలో ఉన్న జట్టు, అయిదు నిమిషాలు మిగిలిన మ్యాచ్. ఎవరైనా వెనక్కి వెళ్లి గోడ కడతారు. కాంటే ముందుకు వెళ్లి నాచో నుంచి బంతి లాక్కున్నాడు, ఎగబడకుండా క్రిస్టియన్ పులిసిచ్‌కు ఇచ్చాడు, పులిసిచ్ మేసన్ మౌంట్‌కు ఇచ్చాడు, రెండో గోల్. అది మౌంట్ పేరు మీద రాశారు. మర్నాటి స్కోరు కార్డులో గోల్ కొట్టినవారి వరుసలో కాంటే పేరు ఎక్కడుంది? లేదు. ఆ రెండు గోల్స్‌లోంచి కాంటేను తీసేస్తే ఏం మిగులుతుంది? అదీ లేదు.

ఆ మే 29న పోర్టోలో ఫైనల్, మాంచెస్టర్ సిటీ మీద. మనకు అర్ధరాత్రి దాటి పన్నెండున్నర. లాక్‌డౌన్ రోజులు కాబట్టి మర్నాడు పొద్దున్నే ఎక్కడికీ వెళ్లే పని లేక మనలో చాలామంది చూశాం. హావర్ట్జ్ గోల్‌తో 1–0. ఆ గోల్ 42వ నిమిషంలో పడింది. మిగిలిన సమయమంతా ఇంగ్లండ్‌లోకెల్లా చక్కగా పాస్‌లు ఆడే జట్టు మధ్యలోంచి దారి వెతుక్కుంటూనే ఉంది. దారి తెరుచుకున్నట్టు కనిపించిన ప్రతిసారీ అక్కడ ఏడో నంబరు నీలం చొక్కా అప్పటికే నిలబడి ఉంది. ఆ మ్యాచ్ ఉత్తమ ఆటగాడు కాంటే. సెమీఫైనల్ రెండు మ్యాచ్‌లలోనూ ఉత్తమ ఆటగాడు కాంటేనే.

ఆ తర్వాతి కథ గాయాలది. ఎదుటివాడికంటే అరక్షణం ముందు కదలడానికి శరీరం ఒప్పుకోవాలి. ముప్పై దాటాక తొడ వెనక కండరం ఒప్పుకోవడం మానేసింది. 2022లో శస్త్రచికిత్స, దానితో ఖతార్ ప్రపంచకప్ పోయింది. 2023లో చెల్సీ వదిలి సౌదీ అరేబియాలోని అల్ ఇత్తిహాద్‌కు వెళ్లాడు. అదే వేసవిలో బెల్జియంలో విర్టన్ అనే చిన్న ఊరి క్లబ్‌ను కొన్నాడు. సౌదీ వెళ్లినవాడి ఆట అయిపోయినట్టేనని అందరం రాసేశాం. రెండేళ్లుగా జాతీయ జట్టులో లేడు. 2024 మేలో డెషాంప్ యూరో జట్టు ప్రకటిస్తే అందులో అతని పేరు ఉంది. పాత మొహమాటం కొద్దీ పిలిచారనుకున్నాం.

డ్యుసెల్‌డార్ఫ్‌లో ఆస్ట్రియాతో మొదటి మ్యాచ్. ముప్పై మూడేళ్ల మనిషి. ఫ్రాన్స్ గెలిచింది 1–0తో, అది కూడా ఆస్ట్రియా డిఫెండర్ తన గోల్‌లో తానే వేసుకున్న గోల్. ఎంబాపే ముక్కు పగిలింది కాబట్టి మర్నాడు ప్రపంచమంతా ఆ ముక్కు గురించే మాట్లాడుకుంది. ఆ మ్యాచ్ ఉత్తమ ఆటగాడి బహుమతి ఎవరికిచ్చారో చెప్పగలరా? వెనక వరుసలోంచి సరిగ్గానే చెప్పారు. నాలుగు రోజులకు లైప్‌జిగ్‌లో నెదర్లాండ్స్‌తో 0–0. గోల్సే లేని ఆ మ్యాచ్‌లోనూ బహుమతి అతనికే. సమయం మించిపోయిందని నిర్వాహకులు చీటీ పంపారు. మకెలెలే గురించి నేను అన్న మాటతో ముందు వరుసలో ఒకరు ఏకీభవించడం లేదని ఆయన ముఖమే చెబుతోంది; ప్రశ్నలు ఆయనతోనే మొదలుపెడదాం, మైకు అటు ఇవ్వండి.